కౌలు కాగితం గురించి రెవెన్యూ, వ్యవసాయ శాఖలకు, బ్యాంకు మేనేజర్లకు, భూ యజమానులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ రెవెన్యూ, వ్యవసాయ శాఖల ఉన్నతాధికారులకు, జిల్లా కలెక్టర్లకు, బ్యాంకు బ్రాంచి మేనేజర్లకు, పొలం కౌలుకిచ్చిన ప్రతి భూ యజమానికీ నమస్కారాలు.

గోదావరి, కృష్ణా డెల్టా ఊళ్లలో కౌలు ఒప్పందాలు రాసిపెట్టే కొందరం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. ఇందులోని విషయాలన్నీ ప్రతి సోమవారం అధికారులు తీసుకునే అర్జీల్లో ఇదివరకే రాసిచ్చాం. రసీదు ఇచ్చారు. కొన్నాళ్లకు “మీ అర్జీ పరిష్కరించబడినది” అని ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కారమైందో అందులో లేదు. కౌలు కార్డులు రాలేదు, అప్పులు పుట్టలేదు. అందుకని నలుగురి ముందూ పెడుతున్నాం.

కౌలు కాగితమంటే యజమాని బెదురుతున్నాడు. ఆ బెదురు తీర్చకుండానే ప్రభుత్వం అంతా అతని సంతకం మీదే ఆధారపడేలా చేసింది. నిజానికి యజమాని భూమికి కాపలా కాసేది ఆ కాగితమే. నోటిమాట కౌలులో సాగుదారు పంట పోగొట్టుకుంటాడు, యజమాని నిద్ర పోగొట్టుకుంటాడు. ఈ సంగతి వివరంగా చెప్పడానికే ఈ లేఖ.

చట్టంలో ఉన్నది, ఊళ్లో జరుగుతున్నది

2011 చట్టం కింద కౌలుదారులకు రుణ అర్హత కార్డులు ఇచ్చేవారు. సాగుదారు దరఖాస్తు పెట్టుకుంటే గ్రామంలో విచారించి ఇచ్చేవారు, యజమాని సంతకం తప్పనిసరి కాదు. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. దీని కింద ఇచ్చే పత్రానికి (మేం కార్డు అనేది దీన్నే) 11 నెలల గడువు. హక్కు పంట మీదే, భూమి మీద కాదు. కాకపోతే యజమాని సంతకం పెడితేనే పత్రం.

ఉద్దేశం మంచిదే. భూమికీ పంటకూ హక్కును వేరు చేసి చెప్పిన చట్టమది. కానీ సంతకం దగ్గరే బండి ఆగిపోయింది. 2019లో జరిగిన జాతీయ నమూనా సర్వే 77వ విడత లెక్కల్లో కౌలు కమతాల వాటా దేశం మొత్తం మీద 17 శాతం దగ్గరుంటే ఆంధ్రప్రదేశ్‌లో 42 శాతం దాటింది. ఇంతమంది చేసే సాగు యజమాని దయ మీద, గ్రామ సచివాలయంలో ఒక పూట దొరికే తీరిక మీద నడుస్తోంది. తెలంగాణలో పరిస్థితి ఇంతకన్నా కష్టమైంది. 2025 దాకా ఉన్న 2020 రికార్డుల చట్టం కింద పహాణీలో (పొలం, సాగు వివరాల రికార్డు) అనుభవదారు, అంటే సాగులో ఉన్నవాడి పేరు రాసే కాలమే లేకుండా పోయింది, 2018లో మొదలైన రైతుబంధు కౌలుదారు గడప తొక్కలేదు. అక్కడి మిత్రులు వాళ్ల లేఖ వాళ్లు రాస్తారు. మేం మాకు తెలిసిన డెల్టాకే పరిమితమవుతాం.

కార్డు చేతికొచ్చినవాళ్లకూ పూర్తి భద్రత లేదు. కౌలు ఎన్ని బస్తాలు, ఏ తూకం, ఏ ధర, తుఫాను వస్తే ఎలా, గట్టు మీది కొబ్బరి ఎవరిది, ఎండుగడ్డి ఎవరిది అన్నవన్నీ నోటిమాటగానే ఉండిపోతున్నాయి. తగాదాలు వచ్చేది సరిగ్గా అక్కడే.

దీనివల్ల ఎవరికి ఏం జరుగుతోంది

1. అప్పు. నాలుగు ఎకరాల వరికి, కౌలు కాకుండా, ఎకరాకు 35 వేల చొప్పున లక్షా 40 వేలు పెట్టుబడి అనుకుందాం. బయట నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెస్తే ఆరు నెలలకు వడ్డీ 16,800. అదే సొమ్ము బ్యాంకులో పంట రుణంగా దొరికితే 7 శాతం మీద 4,900, గడువులోగా కడితే వచ్చే 3 శాతం రాయితీ పోను 2,800. తేడా 14 వేలు. 2025–26లో సాధారణ రకం వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు, అంటే 75 కిలోల బస్తా 1,777. ఆ లెక్కన సుమారు ఎనిమిది బస్తాలు వడ్డీగా పోతున్నాయి. కిసాన్ క్రెడిట్ కార్డు మార్గదర్శకాల్లో కౌలుదార్లు, నోటిమాట కౌలుదార్లు, పాలుదార్లు అందరూ అర్హులేనని రిజర్వ్ బ్యాంకు ఎప్పుడో చెప్పింది. 2025 జనవరి 1 నుంచి తనఖా లేకుండా ఇచ్చే రుణ పరిమితిని లక్షా 60 వేల నుంచి 2 లక్షలకు పెంచింది కూడా. బ్రాంచికి వెళ్తే మాత్రం “ఆ సర్వే నంబరు మీద ఇప్పటికే లోనుంది” అంటారు. ఆ లోను తీసుకున్నది సాగు చేయని యజమాని. సంతకం ఎందుకు పెట్టడో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది.

2. ధాన్యం డబ్బు. ఈ-క్రాప్‌లో (ప్రభుత్వ ఆన్‌లైన్ పంట నమోదు) ఎవరి పేరుంటే కొనుగోలు సొమ్ము వాళ్ల ఖాతాలో పడుతుంది. కార్డు లేదు కాబట్టి చాలా చోట్ల పంట నమోదు పట్టాదారు పేరునే జరుగుతోంది. నాట్లు వేసింది ఒకరు, బయోమెట్రిక్‌కు వేలు పెట్టేది మరొకరు. డబ్బు ముందు యజమాని ఖాతాకు వెళ్లి, అక్కడ కౌలూ పాత బాకీలూ తెగ్గోసుకున్నాక మిగిలింది సాగుదారు చేతికొస్తుంది. నిజాయితీ గల యజమానుల దగ్గరా ఇది నెల ఆలస్యం. ఆ నెలలోనే దాళ్వా (యాసంగి పంట) నారుమడికి విత్తనం కొనాలి.

3. తుఫాను. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోసి పనల మీదున్న వరి నీళ్లలో మొలకెత్తింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం వైపు తీరం దాటినప్పుడు చేను పొట్ట మీదా, గింజ గట్టిపడే దశలోనూ ఉంది. రెండుసార్లూ నష్టం లెక్కించడానికి వచ్చిన సిబ్బంది అడిగింది ఒకటే: పట్టా ఎవరిది? పంట 33 శాతం, ఆపైన దెబ్బతింటేనే పెట్టుబడి రాయితీ. 2022–26 విపత్తు సహాయ నిబంధనల్లో సాగునీటి భూమికి హెక్టారుకు 17 వేలు, అంటే ఎకరాకు 6,880 చిల్లర. అదీ యజమాని పేరున జమైతే, పంట పోయిన మనిషి పూర్తి కౌలు బాకీ పడతాడు.

4. బీమా. ప్రీమియంలో రైతు వాటా వానాకాలం పంటకు 2 శాతం, యాసంగికి 1.5 శాతం, వాణిజ్య పంటలకు 5 శాతం. చాలా పంటలకు నమోదు గడువు జూలై చివరికల్లా ముగుస్తుంది. కార్డు ఆగస్టులో వస్తే ఏం లాభం?

5. ఏడాది దాటే పంటలు. చెరకు మొక్కతోటే పది పన్నెండు నెలలు, తర్వాత కార్శి (కోసిన మోళ్ల నుంచి వచ్చే పంట). అరటి గెల పడి పిలక ఎదిగేసరికి రెండో ఏడు. 11 నెలల పత్రం పట్టుకుని ఈ పంటలు వేసినవాడు, కోతకు ముందే గడువు తీరిన కాగితంతో నిలబడతాడు. పందిరి వేసే కూరగాయలకూ ఇవే తిప్పలు, పందిరి సామాను రెండేళ్లకు గానీ గిట్టదు.

6. నేల. రెండు మూడేళ్లు ఒకే మనిషి దున్నితే హక్కు పుడుతుందన్న భయంతో యజమానులు కౌలుదారును మారుస్తూ ఉంటారు. వచ్చే ఏడు తనది కాని చేనుకు పశువుల ఎరువు తోలేవాడు, జీలుగ చల్లి కలియదున్నేవాడు ఉండడు. రెండు బస్తాల యూరియాతో సరిపెడతాడు. నష్టపోయేది యజమాని భూమే. పైకి కనిపించదు, పదేళ్లకు కనిపిస్తుంది.

భూ యజమానులతో నాలుగు మాటలు

హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, డాలస్‌లోనో ఉండి ఊళ్లో పొలం కౌలుకిచ్చిన మీ భయాలు మాకు తెలుసు. ఒక్కొక్కటే చూద్దాం.

పన్నెండేళ్లు దున్నితే భూమి అతనిదైపోతుందంటారు. లిమిటేషన్ చట్టంలో 12 ఏళ్ల మాట నిజమే. కానీ అది యజమాని హక్కును కాదని, అతనికి వ్యతిరేకంగా స్వాధీనంలో ఉన్నవాడి సంగతి. మీ అనుమతితో, కౌలు కడుతూ సాగు చేసేవాడి స్వాధీనం వ్యతిరేక స్వాధీనం కాదు. “నేను ఈ భూమికి కౌలుదారును” అని సంతకం చేసినవాడు ఆ కౌలు నడుస్తుండగా మీ హక్కు చెల్లదని వాదించడానికి సాక్ష్య చట్టం ఒప్పుకోదు. అనుమతి ఇచ్చినట్టు మీ దగ్గర రుజువేముంది? ఆ కాగితమే. అది లేకుండా పదిహేనేళ్లు నోటిమాట మీద వదిలేసిన యజమానే ఎక్కువ భయపడాలి. మేం చూసినంతలో కోర్టుకెక్కిన కౌలు తగాదాల్లో కాగితం ఉన్నందుకు చెడినవాటి కన్నా లేనందుకు చెడినవే ఎక్కువ.

పీఎం కిసాన్ ఆగిపోతుందని ఇంకో భయం. అది పట్టా చూసి ఇచ్చేది, కౌలు కార్డుతో దానికి లంకె లేదు. ఆదాయపు పన్ను పడుతుందని మరో భయం. వ్యవసాయ భూమి మీద వచ్చే కౌలు కూడా ఆ చట్టం దృష్టిలో వ్యవసాయ ఆదాయమే. (కౌలుకిచ్చి కూడా తామే పండించినట్టు ఆదాయం చూపించుకునేవాళ్ల ఇబ్బంది వేరు, దానికి మా దగ్గర మందు లేదు.)

కాగితం రాసే తీరు

ఇది కాస్త వివరంగా చెప్పాలి. సచివాలయంలో ఇచ్చే పత్రంతోపాటు ఇద్దరి మధ్యా షరతుల ఒప్పందం ఒకటి ఉండాలి. రెండు పేజీలు చాలు.

మొదట భూమి ఎలాంటిదో చూడాలి. అసైన్డ్ భూమిని (ప్రభుత్వం పేదలకు ఇచ్చినది) కౌలుకివ్వడాన్ని కూడా 1977 నాటి చట్టం బదలాయింపుగానే లెక్కగడుతుంది. ఏజెన్సీలో గిరిజనుల భూములను కాపాడే 1/70 చట్టం కిందికి వచ్చే భూమి గిరిజనేతరుడికి కౌలుకిచ్చినా చెల్లదు. దేవాలయ భూమైతే వేలం పాడినవాడూ దున్నేవాడూ ఒకరేనా అడగాలి. పాసు పుస్తకంలో పేరున్నాయన కాలం చేసి ఉంటే వారసులందరూ సంతకం చేయాలి. పెద్ద కొడుకు ఒక్కడే చేసిన కాగితం మీద రెండో ఏడు తమ్ముళ్లు వచ్చి నిలబడతారు.

భూమి వివరం. రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబరుకు బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు వచ్చింది. రెండూ రాయండి. పాతదొక్కటే రాస్తే ఆన్‌లైన్‌లో ఆ నంబరు కనపడక దరఖాస్తు వెనక్కి వస్తుంది. ఎకరాలు, సెంట్లు, నాలుగు ఎల్లలు, ఏ బోదె నీరు, మోటారు ఉంటే ఎన్ని హార్స్‌పవర్, కరెంటు సర్వీసు నంబరు, చేతికిచ్చేనాటికి మోటారు నడుస్తోందా లేదా. గట్టు మీది కొబ్బరి, తాడి చెట్లు కౌలులో కలిశాయా లేదా. ఎండుగడ్డి ఎవరిది. పాడి ఉన్న ఊళ్లలో గడ్డి మాట రాయకపోతే కోత మిషన్ చేలో ఉండగానే పోట్లాట మొదలవుతుంది.

కాలం. మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ రెండూ ఉండాలి. “ఒక సంవత్సరం” అని రాయడం తప్పు. ఏడాది మించిన కౌలుకు, ఏడాదివారీ కౌలుకు, ఏటా ఇంత అని నిర్ణయించిన కౌలుకు 1908 రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి. రిజిస్టరు కాని అలాంటి పత్రాన్ని కౌలు షరతులకు సాక్ష్యంగా కోర్టు తీసుకోదు. పదకొండు నెలల లెక్క పుట్టింది ఇందుకే. కాబట్టి కౌలును కూడా “ఏటా 30 బస్తాలు” అని కాకుండా సార్వాకు (వానాకాలం పంట) ఇన్ని, దాళ్వాకు ఇన్ని అని పంటవారీగా రాయండి. దాళ్వాకు నీళ్లు వదలకపోతే ఏమిటన్న ప్రశ్నకూ అందులోనే జవాబు దొరుకుతుంది.

ఇక అసలైనది, కౌలు. “ఎకరాకు 15 బస్తాలు” అని రాసి వదిలేస్తే అందులో నాలుగు తగాదాలున్నాయి.

మొదటిది తూకం. బస్తా 75 కిలోలు అనుకుంటాం. కాటా దగ్గర సంచి బరువు, తరుగు అంటూ 77 చేస్తారు. ఎకరాకు 30 కిలోలు, నాలుగు ఎకరాలకు 120 కిలోలు పోయినట్టే. రెండోది తేమ. మిషన్ కోసిన వడ్లు 22 శాతం తేమతో ఉంటాయి, కొనుగోలు కేంద్రం అడిగేది 17. 22 శాతం మీద 75 కిలోలు తూగిన బస్తా 17కు ఆరేసరికి 70 కిలోల 500 గ్రాములు. పచ్చి వడ్లు కొలిస్తే యజమానికి 15 బస్తాల మీద దాదాపు బస్తా తగ్గుతుంది, ఆరబెట్టి కొలిస్తే ఆ తరుగంతా సాగుదారుది. ఏది ఒప్పుకున్నా ఫర్వాలేదు, ఒప్పుకున్నది రాసి ఉండాలి. మూడోది ధర. వడ్లు కాక డబ్బు ఇస్తే ఏ ధర? పైన చెప్పిన మద్దతు ధర బస్తాకు 1,777, కళ్లంలో వ్యాపారి 1,500కు అడిగాడనుకుంటే 15 బస్తాల మీద తేడా 4,155 రూపాయలు. సాగుదారు అమ్మింది 1,500కు, కౌలు కట్టేది 1,777కు అయితే పుట్టి మునిగినట్టే. “సాగుదారుకు చేతికందిన ధర, రసీదు ప్రకారం” అని రాయమని మా సలహా. నాలుగోది చోటు. కళ్లంలో కొలుస్తారా, యజమాని ఇంటికి చేర్చాలా, హమాలీ, బండి కిరాయి ఎవరివి.

సగపాలుకు ఇచ్చేటప్పుడు ఇంకొకటి చూసుకోవాలి. కోత ఖర్చు తీసేశాక పంచుకోవడమా, ముందు పంచుకుని ఎవరి వాటా ఖర్చు వాళ్లు పెట్టుకోవడమా? విత్తనం, ఎరువు, మందు ఎవరెంత? ఇవి రాయని పాలు ఒప్పందం ఒక్క పంటకే చెడుతుంది.

మిర్చి, పత్తి పొలాలకు ముందస్తు నగదు కౌలు మామూలు. ముందు కట్టిన ప్రతి రూపాయికీ తేదీతో రసీదు ఉండాలి, చెల్లింపు ఫోన్‌పేలో చేసి “కౌలు, ఫలానా సర్వే నంబరు” అని అందులోనే రాయడం ఇంకా మేలు.

పంట పోతే. ఈ షరతు లేని కౌలు కాగితం గొడుగు లేని వానాకాలం. మేం రాసే వరస ఇది. ముందు ఆ చేనుకు మామూలు దిగుబడి ఎంతో ఇద్దరూ ఒప్పుకుని అంకె వేస్తారు, 30 బస్తాలు అనుకోండి. నష్టం 33 శాతం లోపైతే కౌలు మారదు. దాటితే నష్టం ఎంత శాతమో కౌలు అంత శాతం తగ్గుతుంది. 30కి 18 వస్తే నష్టం 40 శాతం, 15 బస్తాల కౌలు 9 అవుతుంది. దిగుబడి 20 శాతానికి పడిపోతే ఆ పంటకు కౌలే లేదు. నష్టం ఎంతో తేల్చేది వ్యవసాయ సహాయకుడి జాబితా, అది ఆలస్యమైతే ఇద్దరు సాక్షుల ఎదుట కొలత. పెట్టుబడి రాయితీ, బీమా సొమ్ము ఎవరి ఖాతాలో పడినా పంట వేసినవాడివేనని, యజమాని ఖాతాలో పడితే 15 రోజుల్లో ఇచ్చేయాలని రాస్తాం. ఈ వాక్యం చదివి వినిపించినప్పుడు కొందరు యజమానులు ముఖం చిట్లిస్తారు. చదివి వినిపించకుండా సంతకం పెట్టించకూడదు.

మిగిలినవి త్వరగా. నీటి తీరువా యజమానిది, పంట బోదె పూడిక సాగుదారుది, పెద్ద మరమ్మతు యజమానిది అన్నది మామూలు పద్ధతి. మట్టి తీయడం, చెరువు తవ్వడం, ఇంకొకరికి తిరిగి కౌలుకివ్వడం యజమాని రాతపూర్వక ఒప్పుదల లేకుండా కూడదు. కొనసాగించేదీ లేనిదీ మార్చి 31లోగా ఇద్దరిలో ఎవరైనా రాసి చెప్పాలి. చేలో పంట ఉండగా ఖాళీ చేయించకూడదు. మధ్యలో పొలం అమ్మితే కొన్నవాళ్లు ఆ కోత దాకా ఆగాలి, ఈ మాట అమ్మకం అగ్రిమెంటులోనూ రాయించుకోవాలి. పోయేటప్పుడు సాగుదారు ఆ ఏడే తోలిన పశువుల ఎరువుకు, వేసిన పచ్చిరొట్టకు ఎంత కట్టివ్వాలో ముందే అంకె వేసుకోవాలి. చివరగా యజమాని హక్కును ఒప్పుకునే వాక్యం: ఈ ఒప్పందం వల్ల సాగుదారుకు భూమి మీద హక్కు పుట్టదు, రికార్డులో పట్టాదారు పేరు మారదు, గడువు తీరాక స్వాధీనం అప్పగిస్తాడు. సాగుదారులూ దీనికి జంకక్కర్లేదు. మీకు కావలసింది పంట, దాని మీద అప్పు.

మేం అడుగుతున్నవి

1. పైన చెప్పిన షరతులతో తెలుగులో రెండు పేజీల నమూనా ఒప్పందం ప్రతి రైతు సేవా కేంద్రంలో, సచివాలయంలో ఉచితంగా పెట్టండి. ఖాళీలు నింపేలా ఉండాలి, వకీలు భాషలో ఉండకూడదు. 2016లో నీతి ఆయోగ్ కోసం టి. హక్ నాయకత్వంలో తయారైన నమూనా కౌలు చట్టం యజమాని హక్కునూ సాగుదారు అప్పునూ ఒకే కాగితంలో ఇమిడ్చింది. దాన్ని ముందు పెట్టుకున్నా చాలు.

2. యజమాని సంతకం పెట్టకపోతే దరఖాస్తు చెత్తబుట్టకు పోకూడదు. గ్రామ రెవెన్యూ అధికారి యజమానికి 15 రోజుల గడువుతో నోటీసు ఇవ్వాలి. అభ్యంతరం రాతపూర్వకంగా, కారణంతో చెప్పాలి. జవాబు రాకపోతే పొలంలో, ఇరుగుపొరుగు చేల రైతుల దగ్గర విచారించి ఆ పంటకు మాత్రమే సాగుదారు పేరు నమోదు చేయాలి. అడంగల్‌లో (ఊరి పొలాల, సాగు వివరాల రికార్డు) పట్టాదారు కాలమ్ ముట్టుకోనక్కర్లేదు. 2011 చట్టం కింద ఈ రకం విచారణ చేసిన శాఖే ఇది.

3. సార్వా కార్డులు జూన్ 30లోగా, దాళ్వావి డిసెంబరు 15లోగా చేతికివ్వాలి. బీమా గడువు దాటాక ఇచ్చే కార్డును లెక్కల్లో కలిపి చూపించవద్దు.

4. దూరాన ఉన్న యజమానుల ఒప్పుదలకు ఆధార్ ఈ-సంతకాన్ని, అది కుదరని విదేశాల్లోని వారికి వీడియో కాల్‌లో సిబ్బంది ఎదుట ఇచ్చే అంగీకారాన్ని ఒప్పుకోవాలి. ఒక్క వేలిముద్ర కోసం డాలస్ నుంచి విమానమెక్కి వచ్చేవాళ్లు ఎవరూ లేరు.

5. బ్యాంకులు సాగుదారు కార్డు మీద పంటనే హామీగా తీసుకుని అప్పివ్వాలి. సర్వే నంబరు మీద యజమాని లోను ఉందన్న కారణం చెప్పకూడదు, ఎందుకంటే ఆ చేలోని పంట యజమానిది కాదు. ఇవ్వకపోతే కారణం రాసి ఇవ్వాలి. ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఎన్నింటికి ఇచ్చారు, ఎన్ని తిప్పి పంపారు అన్నది మండలాలవారీగా లీడ్ బ్యాంకు (జిల్లాలో బ్యాంకులను సమన్వయం చేసేది) బయటపెట్టాలి. కార్డు లేనివారికి నాలుగు నుంచి పదిమందితో ఉమ్మడి బాధ్యతా బృందాల దారి ఇప్పటికే ఉంది, దాన్ని బ్రాంచిలో బీరువాలో పెట్టకండి.

6. ఈ-క్రాప్ జాబితాను బయోమెట్రిక్ వేయించే ముందు సచివాలయం గోడ మీద ఏడు రోజులు అంటించాలి. సాగు చేసింది ఒకరు, పేరు మరొకరిదని అభ్యంతరం వస్తే చేలోకి వెళ్లి చూసి సరిదిద్దాలి. ధాన్యం సొమ్ము నేరుగా సాగుదారు ఖాతాలో వేయాలి. యజమానికి రావలసిన కౌలు కోసం కావాలంటే ఒప్పందంలోనే ఖాతా నంబరు, బస్తాల సంఖ్య రాసుకుంటారు.

7. చెరకు, అరటి, పందిరి కూరగాయలకు కార్డు గడువు కోత ముగిసేదాకా ఉండాలి.

8. పంట నష్టం జాబితా పత్రంలో పట్టాదారు గడి పక్కనే సాగుదారు గడి తప్పనిసరిగా నింపాలి. ఖాళీగా వదిలిన పత్రాన్ని తహసీల్దారు తిప్పి పంపాలి.

ఇందులో 1, 3, 5, 6, 8కి కొత్త చట్టం అక్కర్లేదు, ఉత్తర్వులు చాలు. కొత్త కౌలు చట్టం వచ్చేదాకా ఆగండనే మాట మాకు చెప్పవద్దు. వరి నారు ఆగదు. గోదావరి కాలువలకు జూన్ మొదట్లో నీళ్లు వదులుతారు. అంతకు ముందే, మే 15లోగా, ఒక్కో అంశానికీ అవునో కాదో రాతపూర్వకంగా చెప్పమని కోరుతున్నాం. “పరిష్కరించబడినది” అన్న మెసేజ్ మాత్రం మళ్లీ పంపకండి.

ఇట్లు,
డెల్టా ఊళ్లలో కౌలు ఒప్పందాలు రాసే కొందరం

తా.క.: కాగితం రాయించుకునే ఇరువురికీ ఒక మనవి. ఖాళీలు వదిలిన కాగితం మీద సంతకం పెట్టకండి. ప్రతి పేజీ మీదా ఇద్దరూ, సాక్షులిద్దరూ సంతకం చేయాలి. కొట్టివేతలు, దిద్దుబాట్లు ఉంటే పక్కన పొడి అక్షరాలు వేయాలి. మూడు ప్రతులు తీయండి: యజమానికి ఒకటి, సాగుదారుకు ఒకటి, మూడోది ఇద్దరికీ నమ్మకమున్న మూడో మనిషి దగ్గర. కాగితం తడిసినా చిరిగినా ఆసరాగా ఉంటుంది, ఆ రోజే ఫోనులో ఫొటో తీసి ఒకరికొకరు పంపుకోండి.